శివారు దాకా సైన్సు

జూలైలో బెజవాడ కాలువలకు నీళ్లు వదులుతారు. ఏలూరు కాలువ, రైవస్ కాలువ, బందరు కాలువ మూడూ ఊరి మధ్యలోంచే పారతాయి కాబట్టి ఆ సంగతి ఎవరూ పేపర్లో చదవక్కర్లేదు. నిన్నటిదాకా గుర్రపుడెక్కా, ప్లాస్టిక్ సంచులూ పట్టుకుని పడున్న కాలువ ఒక పొద్దున లేచేసరికి గట్ల నిండా ఎర్రగా పారుతూ కనిపిస్తుంది. ఇప్పుడా ఎరుపులో సగం గోదావరిది. పట్టిసీమ ఎత్తిపోతలు వచ్చిన 2015 నుంచి డెల్టాకు తొలకరి నీళ్లు ఎక్కువగా అటునుంచే వస్తున్నాయి.

ఈ కాలువలకు తల అయిన కృష్ణా ఆనకట్ట 1855లో పూర్తయింది. దగ్గరుండి కట్టించింది ఛార్లెస్ ఆర్. 1952 వరదకు అది తెగిపోతే 1957కి ఇప్పటి ప్రకాశం బ్యారేజీ లేచింది. ఇదంతా ఇక్కడి బడిపిల్లలకు కూడా తెలుసు. అంతగా ఎవరూ చెప్పుకోనిది, ఆనకట్ట పూర్తయ్యే ముందు ఏడాదే ఇంకొక కాలువకు కూడా తలుపు పెట్టారన్నది. 1854లో లండన్ నుంచి వచ్చిన ఛార్లెస్ వుడ్ విద్యా పత్రం, ప్రైవేటు వాళ్లు నడిపే బళ్లకూ కాలేజీలకూ సర్కారు డబ్బులో కొంత భాగం ఇవ్వాలంది. గ్రాంట్-ఇన్-ఎయిడ్ అన్న మాట అక్కడినుంచే మన ఊళ్లకు దిగింది. ‘ఎయిడెడ్ కాలేజీ’, ‘ఎయిడెడ్ పోస్టు’ అని కృష్ణా జిల్లాలో ఇవాళ్టికీ అంటున్నామంటే ఆ పత్రం పుణ్యమే.

నీళ్ల కాలువ సంగతి డెల్టా రైతుకు తెలిసినంత బాగా ఎవరికీ తెలియదు. తల దగ్గరున్న పొలం ముందు తడుస్తుంది, శివారు పొలం ఆఖర్న తడుస్తుంది, ఒక్కో ఏడు తడవనే తడవదు. డిగ్రీ కాలేజీల్లో సైన్సు ల్యాబులకు వచ్చే డబ్బు కూడా ఇలాగే పారుతోందా, పారితే ఎక్కడిదాకా వెళుతోంది, ఎక్కడ ఇంకిపోతోంది అన్నది చూడాలని బందరు కాలువ వెంట బయల్దేరాను. ఇంజనీరింగ్ కాలేజీల గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను చూడదలచింది బీఎస్సీ పిల్లల్ని.

బెజవాడలో కాలేజీ గేట్ల మీది పేర్లు చదువుకుంటూ పోతే ఊరి ఆర్థిక చరిత్ర సగం అర్థమవుతుంది. మాచవరంలో 1937 నాటి ఎస్.ఆర్.ఆర్. అండ్ సి.వి.ఆర్. ప్రభుత్వ కళాశాల ఉంది. విశ్వనాథ సత్యనారాయణ ఏళ్ల తరబడి పాఠం చెప్పిన చోటు అదే. ఆ పొడి అక్షరాల వెనక ఉన్నది దాతలే. 1953లో పుట్టిన ఆంధ్ర లయోలా కళాశాల జెస్యూట్ ఫాదర్లది, కానీ దాన్ని ఈ ఊరికి రప్పించడానికి పాటుపడినవాళ్లలో స్వాతంత్ర్య సమరయోధుడు గొట్టిపాటి బ్రహ్మయ్య ఉన్నారు. కొత్తపేటలో వైశ్య ప్రముఖులు పెట్టిన కె.బి.ఎన్. కళాశాల ఉంది. 1970ల నడుమ ఊళ్లోని రైతులూ వ్యాపారులూ డాక్టర్లూ ఆడిటర్లూ చేయీచేయీ కలిపి సిద్ధార్థ అకాడమీ పెట్టారు, మొగల్రాజపురంలోని పి.బి. సిద్ధార్థ కళాశాల దానిదే. జమీందారు, మిషనరీ, కులపెద్ద, రైతు ఒకరి తర్వాత ఒకరు వచ్చి ఈ ఊరికి చదువు కట్టించి పోయారు. ఇంత చేయి విదిలించి ఇచ్చిన నేల ఆంధ్రదేశంలో మరొకటి ఉండకపోవచ్చు.

అయితే వాళ్లు ఇచ్చింది స్థలం, భవనం, గది. దానికి శిలాఫలకం ఉంటుంది. పర్మాంగనేటు సీసాకు శిలాఫలకం వేయరు.

ఈ తేడా నాకు కళ్లకు కట్టినట్టు చూపించింది నగరంలోని ఒక కాలేజీ కెమిస్ట్రీ లెక్చరరు. కాలేజీ పేరు వద్దన్నారు, రాయడం లేదు. వాళ్ల డిపార్టుమెంటుకు కేంద్రం నుంచి గ్రాంటు వచ్చి కొన్నేళ్లయింది. రండి చూపిస్తానని ల్యాబులోకి తీసుకెళ్లారు. రెండో ఏడాది అమ్మాయిలు టైట్రేషన్ చేస్తున్నారు. స్టాండుకు బిగించిన బ్యూరెట్‌లో ముదురు ఊదారంగు పర్మాంగనేటు, కింద శంఖాకారపు ఫ్లాస్కులో వేడి చేసిన ఆక్జాలిక్ ఆమ్లం. ఒకమ్మాయి ఎడం చేత్తో కాక్ తిప్పుతోంది, కుడి చేత్తో ఫ్లాస్కు ఊపుతోంది. చుక్క పడగానే రంగు విరుగుతోంది. మళ్లీ చుక్క, మళ్లీ విరుగుడు. ఒకచోట విరగడం ఆలస్యమైంది. ఆ పిల్ల చేయి దానంతటదే నెమ్మదించింది. తర్వాతి చుక్కకు లేత గులాబీ రంగు నిలిచిపోయింది. వంగి రీడింగు చూసింది. మామూలు ద్రావణానికి కింది వంపు చూడాలి, పర్మాంగనేటు ముదురు రంగు కాబట్టి పై అంచు చూడాలి. ఆ సంగతి పుస్తకంలో ఒక్క వాక్యమే ఉంటుంది. కంటికి అలవాటవ్వాలంటే బ్యూరెట్ ఎదుట నిలబడాల్సిందే.

“గ్రాంటు రాకముందు ఒక్క బ్యూరెట్‌కి నలుగురండీ,” అన్నారాయన. “ఒకడు కాక్ తిప్పేవాడు, ఒకడు ఫ్లాస్కు ఊపేవాడు, ఒకడు రాసేవాడు. నాలుగోవాడు చూసేవాడు. రికార్డులో మాత్రం నలుగురికీ ఒకే కంకరెంట్ రీడింగు. ఇప్పుడు మనిషికొకటి. మూడు రీడింగులూ మూడు రకాలుగా వస్తాయి, మళ్లీ చేస్తారు. అదే కదండీ కావాల్సింది.”

ఆ గ్రాంటు కథ ఇదీ. 2008లో కేంద్ర బయోటెక్నాలజీ శాఖ ‘స్టార్ కాలేజీ’ అన్న పథకం మొదలుపెట్టింది. పరిశోధనకు కాదు, పీజీకి కాదు, అచ్చంగా డిగ్రీ పిల్లల ప్రాక్టికల్స్ కోసం. డిపార్టుమెంట్ల వారీగా డబ్బిస్తారు. పరికరాలకు ఒక పద్దు, కెమికల్సూ గాజు సామానూ చిల్లర ఖర్చులకు ఏటేటా మరొక పద్దు. పిల్లల్ని పెద్ద ల్యాబులకు తీసుకెళ్లడానికీ లెక్చరర్ల శిక్షణకూ కూడా వాడుకోవచ్చు. మన దేశంలో సైన్సు గ్రాంట్లు సాధారణంగా పైనుంచి కింది మెట్టుకు దిగవు. సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖ 2000లో మొదలెట్టిన ఫిస్ట్ పథకం కూడా ప్రధానంగా పీజీ, పరిశోధన విభాగాల కోసమే. అందుకే డిగ్రీ లెక్చరర్ల నోట స్టార్ కాలేజీ మాట వచ్చినప్పుడు ఒక ప్రత్యేకమైన అభిమానం వినిపిస్తుంది.

బీరువా తెరిచి ఆయన చూపించినవాటిలో ఖరీదైన స్పెక్ట్రోఫోటోమీటరు ఉంది, డిజిటల్ తక్కెడ ఉంది. కానీ ఆయన ముందుగా చేతికిచ్చింది మాత్రం ముదురు గోధుమరంగు సీసాలోని సిల్వర్ నైట్రేటు. క్లోరైడును పట్టాలంటే అదే కావాలి. వెండి ధర ఎగబాకినప్పుడల్లా దాని ధరా ఎగబాకుతుంది. సంవత్సరానికి కెమికల్స్ బడ్జెట్ అని కాలేజీ ఇచ్చే మొత్తంలో ఈ ఒక్క సీసా ఎంత మింగుతుందో ఆయన చెప్పారు, నవ్వుతూనే. దాత ఎవరైనా వచ్చి ‘మీకేం కావాలి మాస్టారూ’ అంటే సిల్వర్ నైట్రేటు అని అడగడం ఎలాగండీ అన్నారు.

గ్రాంటు వచ్చాక చాకిరీ కూడా తక్కువేం కాదు. సర్కారు కొనుగోళ్ల జెమ్ పోర్టల్‌లో కొనాలి, కొటేషన్లు తెప్పించాలి, స్టాకు రిజిస్టరు రాయాలి, యూసీ పంపాలి. యుటిలైజేషన్ సర్టిఫికెట్ అన్న ఆ రెండక్షరాల కాగితం ఆలస్యమైతే మరుసటి విడత ఆగుతుంది. మార్చి నెలలో ఏ కాలేజీ స్టాఫ్‌రూముకు వెళ్లినా పాఠాల కంటే యూసీల ముచ్చటే ఎక్కువగా వినబడుతుంది.

నెహ్రూ బస్టాండులో బందరు బస్సు ఎక్కాను. బెంజ్ సర్కిల్, పటమట దాటి కానూరు వస్తే వెలగపూడి రామకృష్ణ సిద్ధార్థ ఇంజనీరింగ్ కాలేజీ. 1977లో, ఉమ్మడి రాష్ట్రంలో మొట్టమొదటి ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీ ఇదే. ఇవాళ అది డీమ్డ్ విశ్వవిద్యాలయం. ఆ గేటు దాటుతున్నప్పుడు బీఎస్సీకి ఏమైందో చెప్పుకోవాలి. ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక ఇంజనీరింగ్ సీటు రైతుకూలీ ఇంటికి కూడా అందింది. అది మంచిదే. కానీ ఆ తర్వాత ఎంపీసీ చదివి బీఎస్సీలో చేరడమంటే సీటు రాని పిల్ల చేసే పని అన్న ముద్ర పడిపోయింది. దాని మీద 2023-24లో రాష్ట్రమంతా సింగిల్ మేజర్ డిగ్రీ విధానం వచ్చింది. ఇదివరకు మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ మూడూ సమానంగా చదివిన పిల్ల ఇప్పుడు ఒకటే ఎంచుకోవాలి. ఎంచుకోమంటే ఏది ఎంచుకుంటుంది? కంప్యూటర్ సైన్సు. ఫిజిక్సు మేజర్‌కు పదిమంది చేరితే సంబరపడే కాలేజీలు ఈ దారి పొడుగునా ఉన్నాయి. తరగతిలో పిల్లలే లేకపోతే స్పెక్ట్రోమీటరు ఎవరి కోసం కొంటారు అని అధికారులు అడుగుతారు, స్పెక్ట్రోమీటరే లేని చోట పిల్లలెందుకు చేరతారని లెక్చరర్లు అడుగుతారు. ఇద్దరి మాటా నిజమే.

పోరంకి, పెనమలూరు, కంకిపాడు. నారుమళ్లు పచ్చగా ఉన్నాయి, కొన్ని చోట్ల దమ్ము చేస్తున్నారు. ఉయ్యూరు దిగాను. ఇక్కడ కేసీపీ పంచదార ఫ్యాక్టరీ ఉంది. జూలైలో క్రషింగ్ ఉండదు కాబట్టి బెల్లపు వాసన తగల్లేదు. ఉయ్యూరు సిద్ధార్థ కళాశాల పేరు ముందు ఏ.జి. అండ్ ఎస్.జి. అని ఉంటుంది. మొదటి రెండక్షరాలు అడుసుమిల్లి గోపాలకృష్ణయ్య గారివి. తర్వాతి రెండూ ఒక మనిషివి కావు. షుగర్‌కేన్ గ్రోయర్స్, అంటే చెరకు రైతులు. వందల మంది పేరులేని రైతులను పొడి అక్షరాల్లో గేటుకెక్కించిన కాలేజీ నేను మరెక్కడా చూడలేదు. ఆ గేటు ముందు కాసేపు నిలబడి చూసుకున్నాను.

పామర్రు దగ్గర ఎడమకు తిరిగితే గుడివాడ. అక్కడి కాలేజీకి అక్కినేని నాగేశ్వరరావు పేరుంది. 1950లలో లక్ష రూపాయలు ఇచ్చారాయన, ఆ రోజుల్లో లక్ష! తాను ప్రాథమిక పాఠశాల దాటి చదవలేదు. ఈసారి గుడివాడ వెళ్లలేదు కానీ గుడివాడ మనిషి బస్సులో నా పక్కనే కూర్చున్నారు. అరవై దాటిన రైతు.

“మావాడు టెక్సాస్‌లో ఎంఎస్ చేస్తున్నాడు మాస్టారూ. కింగ్స్‌విల్ అని. చిన్న ఊరంట. మనూళ్ల నుంచే బోల్డంత మంది ఉన్నారంట.”

కింగ్స్‌విల్ పేరు కృష్ణా జిల్లాలో తెలియని ఊరు తక్కువ. అక్కడి టెక్సాస్ ఏ అండ్ ఎం శాఖ మన పిల్లలతో దశాబ్దాలుగా నిండుతూనే ఉంది. ఆయనకు తెలియని సంగతి ఒకటి నాకు తెలుసు. ఆ విశ్వవిద్యాలయం అమెరికాలో ‘హిస్పానిక్ సేవా సంస్థ’ అన్న జాబితాలోనిది. పూర్తికాలపు లెక్కన డిగ్రీ విద్యార్థుల్లో కనీసం 25 శాతం మంది హిస్పానిక్, అంటే లాటిన్ అమెరికా మూలాలున్న, కుటుంబాల పిల్లలైతే ఆ కాలేజీకి ఆ హోదా వస్తుంది. మెక్సికో సరిహద్దు వెంబడి, కాలిఫోర్నియాలో, ఫ్లోరిడాలో, న్యూయార్కులో ఇలాంటివి వందల్లో ఉన్నాయి. ఎక్కువ భాగం పేద, మధ్యతరగతి పిల్లలు, ఇంట్లో మొట్టమొదట కాలేజీ గడప తొక్కినవాళ్లు చదివే చోట్లు. 1998లో విద్యాచట్టం సవరించి వీటికి వేరే పద్దు పెట్టారు. 2017లో కాంగ్రెసు ఆదేశించాక అక్కడి జాతీయ సైన్స్ ఫౌండేషన్ కూడా ఈ కాలేజీల్లో డిగ్రీ స్థాయి సైన్సు, ఇంజనీరింగ్, గణితం బోధనను బాగు చేయడానికే ప్రత్యేకంగా గ్రాంట్లు మొదలెట్టింది.

ఇందులో నన్ను పట్టుకున్నది డబ్బు మొత్తం కాదు, అర్హత. కాలేజీ ఎంత గొప్పది అని అడగలేదు వాళ్లు. ఆ బెంచీల మీద ఎవరు కూర్చున్నారు అని అడిగారు. పిల్లల్ని చూసి కాలేజీకి డబ్బు పంపారు. మన లెక్క తలకిందులు. కాలేజీల నాణ్యత కొలిచే నాక్ ఇచ్చిన గ్రేడు ఎంత, అటానమస్ హోదా ఉందా, కేంద్రం గ్రాంట్లకు అర్హత ఇచ్చే యూజీసీ చట్టంలోని 12(బి) గుర్తింపు ఉందా అని అడుగుతాం. 2013లో వచ్చిన రూసా అన్న కేంద్ర పథకంలో రాష్ట్రాల అటానమస్ కాలేజీలకు పెద్ద మొత్తాలు ఇచ్చినప్పుడూ నాక్‌లో పైవరసలో ఉన్నవాటికే ఇచ్చారు. గ్రేడు బాగున్న చోట డబ్బు సద్వినియోగం అవుతుందన్న వాదనలో న్యాయం లేకపోలేదు. కానీ ఆ వాదనతో కాలువ తవ్వితే నీళ్లు ఎప్పుడూ తల దగ్గరే తిరుగుతాయి.

అమెరికా పద్ధతిని ఆకాశానికెత్తడానికి ఇది రాయడం లేదు. జాతిని బట్టి కోటా పెట్టి డబ్బివ్వడం రాజ్యాంగానికి విరుద్ధమంటూ 2025 సెప్టెంబరులో అక్కడి విద్యాశాఖ ఈ తరహా కాలేజీలకిచ్చే గ్రాంట్లు చాలావాటిని ఆపేస్తున్నట్టు ప్రకటించింది. గ్రాంటు మీద నిలబడ్డ ల్యాబు గ్రాంటుతోనే కూలుతుంది. మనకిది కొత్త పాఠం కూడా కాదు. 2021లో మన రాష్ట్ర ప్రభుత్వం ఎయిడెడ్ యాజమాన్యాలను ఎయిడెడ్ పోస్టులు వదులుకోమన్నప్పుడు కాలేజీల్లో ఎంత గందరగోళం రేగిందో ఆ ఏడాది చదువుకున్న పిల్లలకు తెలుసు.

ఆ రైతుకు ఇదంతా చెప్పలేదు. “మీవాడు బీఎస్సీనా, బీటెక్కా?” అని మాత్రం అడిగాను. “బీఎస్సీ చేస్తానన్నాడండీ మొదట్లో, నేనే వద్దన్నా,” అన్నారు.

బందరు చేరేసరికి చీకటి పడింది. పొద్దున్నే ఊరు తిరిగాను. ఈ ఊరి చదువు చరిత్రకు రెండు కొసలున్నాయి. ఒక కొస నోబుల్ కాలేజీ. 1843లో రాబర్ట్ నోబుల్ అనే మిషనరీ పెట్టిన బడి అది, ఆంధ్రలో ఇంగ్లీషు చదువుకు పాదు. రెండో కొస 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య పెట్టిన ఆంధ్ర జాతీయ కళాశాల. దీన్ని నడిపింది జనం చందాలు. తెల్లవాడి చదువు గుమాస్తాలను తయారుచేస్తుంది, మనకు చేతిపని తెలిసిన చదువు కావాలన్నది వీళ్ల పట్టుదల. అందుకే అక్కడ యంత్రాల పని, నేత, వడ్రంగం పెట్టారు. జెండా రూపశిల్పి పింగళి వెంకయ్య అక్కడ పాఠాలు చెప్పారు, అడివి బాపిరాజు అక్కడే ప్రమోద్ కుమార్ ఛటర్జీ దగ్గర బొమ్మలు నేర్చారు. చెయ్యి కదలని చదువు చదువు కాదని నూరేళ్ల కిందటే ఒప్పుకుని దానికి ఇల్లు కట్టిన ఊరు బందరు. స్టార్ కాలేజీ మార్గదర్శకాల్లో ఇప్పుడు రాసుకుంటున్నదీ సుమారుగా ఇదే.

బందరు దీనికి ఇంకొక మెట్టు కూడా కలిపింది. 1920లలో ఇక్కడ ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ పుట్టింది. బళ్ల, కాలేజీల ల్యాబులకు కావాల్సిన పరికరాలూ మైక్రోస్కోపులూ చేసేది. 1983లో అది కేంద్ర ప్రభుత్వపు భారత్ ఎలక్ట్రానిక్స్‌లో కలిసింది. ఇప్పుడా యూనిట్ సైన్యానికి చీకట్లో చూసే కళ్లద్దాల్లాంటివి తయారు చేస్తుంది. ఊళ్లో ఒక పాత కాలేజీ ల్యాబులో, వాడక మానేసిన బీరువా అడుగున, ఇత్తడి గొట్టంతో ఉన్న మైక్రోస్కోపు చూశాను. పట్టుకుంటే చేతికి బరువుగా తగిలింది. ఫోకసు మర తిప్పితే ఇంకా మెత్తగా కదిలింది. బందరు సరుకే సార్ అన్నాడు అటెండరు, బందరు లడ్డు గురించి చెప్పినంత ధీమాగా. ఉల్లిపొర తీసి స్లైడు మీద పెట్టి చూశాం. కణాల గోడలు ఇటుక వరసల్లా కనబడ్డాయి. పక్కనే ఉన్న కొత్త మైక్రోస్కోపుకు బల్బు పోయి ఆరు నెలలైందట. బల్బుకు డబ్బు ఏ పద్దులోంచి తీయాలో తేలలేదు.

బందరు నుంచి చల్లపల్లి, మోపిదేవి మీదుగా దక్షిణానికి దిగితే డెల్టా పలచబడుతుంది. పులిగడ్డ దగ్గర కాలువ వంతెన ఎక్కి కృష్ణ పాయను దాటుతుంది. నది మీద నది పారుతున్నట్టుండే ఆ అక్విడక్టు దివిసీమకు ప్రాణం. అవతల అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు. 1977 నవంబరు 19 ఉప్పెన ఈ ఊళ్లను ఊడ్చేసింది. ఇక్కడ కాలువ నీళ్ల కోసం ఎదురుచూపు వేరుగా ఉంటుంది. వంతులవారీ మొదలైందంటే రాత్రిళ్లు రైతులు తూముల దగ్గరే కాపలా పడుకుంటారు. తూములు చూసుకునే లష్కరు ఈ ఊళ్లలో ఎమ్మార్వో కంటే పెద్ద మనిషి.

అవనిగడ్డ పేరు రాష్ట్రమంతా తెలిసింది టీచరు ఉద్యోగాల పరీక్ష డీఎస్సీ కోచింగు వల్ల. శ్రీకాకుళం నుంచి రాయలసీమ దాకా బీఎస్సీ, బీఈడీ చేసినవాళ్లు వచ్చి ఇక్కడ గదులు అద్దెకు తీసుకుని నెలల తరబడి చదువుతారు. టీకొట్టు దగ్గర ఫిజిక్సు బిట్లు ఒకరినొకరు అడుగుతున్న ఇద్దరు కుర్రాళ్లతో మాట కలిపాను. ప్రిజంతో వక్రీభవన గుణకం కనుక్కునే ప్రయోగం గురించి ఒకడు గడగడా చెప్పాడు. ఎప్పుడైనా చేశావా తమ్ముడూ అంటే, “రికార్డు రాశానన్నా,” అన్నాడు. రేపు హైస్కూల్లో సైన్సు చెప్పేది ఇతనే. పాపం, అతని తప్పేముంది?

ఆ ప్రాంతంలోనే ఒక చిన్న డిగ్రీ కాలేజీకి వెళ్లాను. ఇది కూడా పేరు లేకుండానే. కెమిస్ట్రీ గదిలో సింకు ఉంది, కుళాయికి నీళ్లు లేవు. బకెట్టూ మగ్గూ పెట్టారు. గ్యాసు లైను లేదు, స్పిరిటు దీపాలే. ల్యాబ్ అసిస్టెంటు పోస్టు ఖాళీ అయి ఎన్నాళ్లయిందో అక్కడి గెస్టు లెక్చరరుకు తెలియదు, ఆమె చేరింది ఈమధ్యే. టెస్టుట్యూబులు తనే కడుగుతుంది. సాల్ట్ ఎనాలిసిస్ జరుగుతోంది, సిల్వర్ నైట్రేటు చుక్కల సీసా ఆమె చేతిలోనే ఉంది. ఎవరికి కావాలన్నా ఆమే వచ్చి రెండు చుక్కలు వేసి వెళుతోంది. అయినా పిల్లల్లో హుషారు తక్కువేం లేదు. కోడూరు వైపునుంచి రోజూ బస్సులో వచ్చే అమ్మాయి ఒకతి తెల్లటి అవక్షేపం పడగానే దీపం వెలుతురుకు ఎత్తి పట్టి “క్లోరైడు మేడమ్!” అని అరిచింది.

కేంద్రం గ్రాంటుకు పెట్టలేదా అని అడిగాను. 12(బి) లేదు సార్ అంది. ఆ గుర్తింపుకు సొంత భవనం, శాశ్వత సిబ్బంది లాంటి హంగులు చూపించాలి. నాక్‌కు వెళ్లాలంటే ల్యాబు బాగుండాలి. ల్యాబు బాగుపడాలంటే డబ్బు కావాలి. డబ్బు రావాలంటే నాక్ ఉండాలి. స్టార్ కాలేజీలో 2018-19 నుంచి గ్రామీణ కాలేజీలకు వేరే విభాగం పెట్టారు, అది మంచి ఆలోచన. కానీ ఆ వరసలో నిలబడాలన్నా ముందు కొన్ని కాగితాలు ఉండాలి. ఇక్కడ ఆ కాగితాలు తయారుచేసే రెగ్యులర్ లెక్చరరే లేరు.

ఇక్కడినుంచి కాస్త దూరం వెళితే రొయ్యల చెరువులు. వన్నామి రొయ్య వచ్చాక ఈ నేల రూపే మారిపోయింది. చెరువులున్న చోటల్లా ఆక్వా ల్యాబు అని బోర్డు కనబడుతుంది. రైతులు పొద్దున్నే వాటర్ బాటిల్లో చెరువు నీళ్లు పట్టుకుని మోటారు సైకిలు మీద వస్తారు. పీహెచ్, ఉప్పదనం, అమ్మోనియా, ఆల్కలినిటీ, హార్డ్‌నెస్ చూసి చీటీ రాసిస్తారు. ఒక ల్యాబులోకి తొంగిచూశాను. తెల్లకోటు వేసుకున్న కుర్రాడు హార్డ్‌నెస్ తీస్తున్నాడు. బ్యూరెట్‌లో ఈడీటీఏ, ఫ్లాస్కులో చెరువు నీళ్లు, అందులో ఎరియోక్రోమ్ బ్లాక్ టీ. ద్రాక్షరంగు నీలానికి తిరగ్గానే ఆపాడు. ఒక్క చుక్క ఎక్కువ పోలేదు. బీఎస్సీ ఎక్కడ చదివావంటే ఊరి పేరు చెప్పాడు. ఇది అక్కడే నేర్పారా అంటే నవ్వాడు. “ఇక్కడికొచ్చాక నేర్చుకున్నా సార్. మొదటి రెండు నెలలూ రైతులతో తిట్లు తిన్నా.” లెక్క తప్పితే చెరువు పోతుంది, చెరువు పోతే ఆ ఏడాది అప్పు మిగులుతుంది. దివిసీమలో టైట్రేషన్ అంటే పరీక్ష మార్కుల వ్యవహారం కాదు.

నాగాయలంక మండలం గుల్లలమోదలో డీఆర్‌డీవో క్షిపణి ప్రయోగ కేంద్రానికి 2025 మే 2న ప్రధాని శంకుస్థాపన చేశారు. దేశంలోని మేటి సైంటిస్టులు రేపు ఈ తీరానికి వస్తారు. ఆ ఊరి పిల్లలకు దగ్గర్లో ఉన్న డిగ్రీ కాలేజీల ల్యాబుల పరిస్థితి పైన రాసిందే.

నాకు తోచిన మాట సూటిగా చెప్తాను. గ్రాంటు అర్హతలో నాక్ గ్రేడుతో పాటు మరో రెండు ప్రశ్నలు చేరాలి. ఈ కాలేజీలో ఇంట్లో తొలిసారి డిగ్రీ చదువుతున్నవాళ్లు ఎంతమంది? ఇది కాకపోతే ఆ పిల్లలకు వేరే కాలేజీ ఎంత దూరం? ఈ రెండింటికీ పెద్ద జవాబు ఉన్న చోటికి డబ్బు ముందు చేరాలి, ల్యాబ్ అసిస్టెంటు జీతంతో సహా. ఢిల్లీలో, అమరావతిలో కూర్చున్నవాళ్లు చేయాల్సిన పని అది.

మిగిలింది మన పని. కృష్ణా డెల్టాలో ఇచ్చే చేతులకు ఎప్పుడూ కొదవ లేదు. ఇప్పుడా చేతులు హ్యూస్టన్‌లో, డాలస్‌లో కూడా ఉన్నాయి. మీ ఊరి కాలేజీకి ఏదైనా ఇవ్వాలనుకుంటే దయచేసి ఇంకో గది కట్టించకండి. ఆ డబ్బు కాలేజీ పేర డిపాజిట్ చేసి, దాని వడ్డీ ఏటా కెమికల్సుకూ గాజు సామానుకూ బల్బులకూ మాత్రమే ఖర్చయ్యేలా కాగితం రాయించండి. ఇచ్చేముందు ఒకసారి ల్యాబుకు వెళ్లి, ఒక బ్యూరెట్‌కు ఎంతమంది నిలబడుతున్నారో లెక్కపెట్టి రండి.